సన్నాయికి అరగంట, సితార్‌కు అర్ధరాత్రి

అహ్మదాబాద్‌లో జనవరి 14న ఉత్తరాయణం. ఆ రోజు ఊరంతా మేడల మీదకెక్కి గాలిపటాలు ఎగరేస్తుంది. దానికి ముందు పదమూడు రాత్రులు, అంటే జనవరి 1 నుంచి 13 దాకా, అదే ఊళ్లో సప్తక్ సంగీతోత్సవం జరుగుతుంది. శాలువాలు కప్పుకుని వచ్చిన శ్రోతలు అర్ధరాత్రి దాటినా కుర్చీల్లోంచి లేవరు. హిందుస్తానీ ఉత్సవాలకు మన దేశంలో కొదవ లేదు. జలంధర్‌లో హరివల్లభ్ ఉత్సవం 1875 నుంచి, పుణెలో సవాయి గంధర్వ ఉత్సవం 1953 నుంచి నడుస్తున్నాయి. వాటన్నిటి మధ్య సప్తక్‌ను విడిగా చూడడానికి ఒక కారణం ఉంది. దాన్ని పెట్టిన భార్యాభర్తలిద్దరూ వాద్యకారులే.

నందన్ మెహతా తబలా విద్వాంసుడు, బెనారస్ ఘరానాకు (సంగీత పరంపరకు) చెందిన కిషన్ మహారాజ్ శిష్యుడు. మంజూ మెహతా సితార్ విదుషి, రవిశంకర్ శిష్యురాలు, గిటార్‌ను మార్చి చేసిన మోహన వీణతో పేరు తెచ్చుకున్న విశ్వమోహన్ భట్‌కు సోదరి. 1980లో వాళ్లు పెట్టిన సప్తక్ సంస్థను రవిశంకర్ ప్రారంభించారు. నందన్ 2010లో, మంజూ 2024లో కన్నుమూశారు. ఉత్సవం మాత్రం ఆగలేదు.

సప్తక్‌లో గాత్రం ఉండదని కాదు. హేమాహేమీలైన గాయకులు అక్కడ పాడారు. అయితే సితార్, సరోద్, సంతూర్, బాన్సురీ అక్కడ గాత్రం మధ్యలో మార్పు కోసం పెట్టుకునే అంశాలు కావు. తబలాకు కూడా సోలో కచేరీ దక్కుతుంది. ఒక ఉత్సవం తీరు మొత్తం తెలియాలంటే దాని కార్యక్రమ పట్టిక చూస్తే చాలు. ఎవరికి ఏ వేళ ఇచ్చారు, ఎంత సేపు ఇచ్చారు అన్నదానిలో నిర్వాహకుల మనసు కనపడుతుంది.

ఇక మన వైపు పట్టిక చూద్దాం. చెన్నై మార్గశిర కచేరీలు కావచ్చు, మన ఊళ్లలో జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవాలు కావచ్చు, వరస దాదాపు ఒకటే. జ్యోతి వెలిగించే ముందు సన్నాయి, డోలు. అతిథులు వచ్చి కూర్చునే దాకా అరగంట మంగళవాద్యం. మధ్యాహ్నం మూడింటికో నాలుగింటికో వీణ లేదా వేణువు. జనం ఆఫీసుల నుంచి వచ్చే సాయంత్రం ఆరున్నర వేళ గాత్రం. వయొలిన్, మృదంగం ఈ కచేరీలన్నిటిలోనూ ఉంటాయి, కానీ పక్కవాద్యాలుగా. పేరున్న వయొలిన్ విద్వాంసుడికో, వేణువు విద్వాంసుడికో సాయంత్రం సోలో ఇచ్చే సభలు లేకపోలేదు. వారం రోజుల ఉత్సవంలో అలాంటి రోజు ఒకటో రెండో ఉంటాయి, అంతే.

ఎందుకిలా అని అడిగితే ‘మన జనానికి సాహిత్యం కావాలి, ఉత్త వాద్యం అయితే కూర్చోరు’ అని నిర్వాహకులు అంటారు. ఆ మాటలో నిజం సగమే. మిగతా సగం ఉత్సవం కట్టుబడిలో ఉంది. వాద్యం వికసించడానికి తగిన సమయం, తగిన చోటు ఇచ్చిన దగ్గర అది జనాన్ని కూర్చోబెట్టింది. ఇవ్వని దగ్గర పక్కకు జరిగింది. ఈ తేడా దక్షిణాదికి, ఉత్తరాదికి మధ్యే కాదు, మన సంప్రదాయం లోపల కూడా కనిపిస్తుంది.

సాహిత్యం సంగతే ముందు చూద్దాం. కర్ణాటక సంగీతంలో కచేరీకి వెన్నెముక కృతి. కృతి అంటే మాట ఉన్న పాట. వీణ మీద వాయించినా, వయొలిన్ మీద వాయించినా వాయించేది ఆ పాటనే. అందుకే మన వాద్య సంప్రదాయంలో ‘గాయక శైలి’కి అంత గౌరవం. ఈమని శంకరశాస్త్రి వీణ వింటుంటే తీగ మీద అక్షరాలు విడివిడిగా పలుకుతాయి. ఎక్కడ మాట మొదలైంది, ఎక్కడ దీర్ఘం పడింది, ఎక్కడ ద్విత్వం వచ్చింది అన్నది మీటులో తెలిసిపోతుంది. ఆయన శిష్యుడు చిట్టిబాబు ఆ దారినే ఇంకా జనంలోకి తీసుకెళ్లారు. త్యాగరాజు కీర్తనలు తెలుగులో ఉన్నాయి కాబట్టి ఈ వాద్యాన్ని లోపలి నుంచి వినగలిగే అదృష్టం తెలుగు శ్రోతకు దక్కింది. వయొలిన్ మీద శ్రీరాగ పంచరత్నం మొదలైతే తెలుగువాడి మనసు ‘ఎందరో మహానుభావులు’ అని తనంతట తనే అందుకుంటుంది. ఆ మాట తెలియని శ్రోతకు అందేది స్వరం మాత్రమే. ఆ లెక్కన వాద్య కచేరీలకు జనం ఎక్కువగా రావాల్సింది మన ఊళ్లలోనే. వస్తున్నారా అంటే లేదు.

గాయక శైలి గొప్పదే. కానీ దాని వల్ల వాద్యానికి ఒక చిక్కు కూడా వచ్చిపడింది. వాద్యం గొంతును అనుకరిస్తేనే గొప్ప అనే కొలత స్థిరపడితే, అసలు గొంతే ఉండగా అనుకరణ ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. సాయంత్రం వేళ గాయకుడికి వెళ్లడం వెనక ఈ ఆలోచన ఉంది. ఇక్కడే మనం మరిచిపోతున్నది ఒకటుంది. మన సంప్రదాయంలోనే వాద్యం సొంత సొత్తు అనదగినవి ఉన్నాయి.

తానం అలాంటిది. రాగం, తానం, పల్లవి అనే వరసలో నడుమ వచ్చే తానం వీణ మీద ఉన్నంత నిండుగా ఇంకెక్కడా ఉండదు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మెట్ల మీది నాలుగు తీగలను మీటుతుంటే, చిటికెనవేలు పక్కనున్న మూడు తాళపు తీగలను లయగా తాకుతుంటుంది. తాళం వేయకుండానే ఒక నడక పుడుతుంది. గాయకులు ‘అనంతం, ఆనందం’ అనే అక్షరాలతో తానం పాడేటప్పుడు వినిపించేది వీణ మీటు నడకే. అంటే ఇక్కడ గొంతు వాద్యాన్ని అనుసరిస్తోంది. రెండున్నర గంటల కచేరీలో ఈ తానానికి మిగిలేది ఎన్ని నిమిషాలో సభలకు వెళ్లేవాళ్లందరికీ తెలుసు.

మల్లారి ఇంకా స్పష్టమైన ఉదాహరణ. నాదస్వరం మీద గంభీరనాట రాగంలో వాయించే ఈ రచనకు సాహిత్యమే లేదు. తమిళనాడు ఆలయాల్లో ఉత్సవమూర్తి ఊరేగింపుకు బయల్దేరేటప్పుడు మల్లారితో మొదలుపెడతారు. ఒకే స్వరాల అల్లికను ముందు విలంబంగా, అంటే నెమ్మదిగా, తర్వాత రెట్టింపుగా, ఆపై ఇంకా వేగంగా వాయిస్తారు. నైవేద్యం తెచ్చేటప్పుడు ఒక మల్లారి, తేరు కదిలేటప్పుడు ఇంకొకటి. ఊళ్లో దూరంగా ఉన్నవాళ్లకు కూడా గుళ్లో ఇప్పుడు ఏం జరుగుతోందో ఆ శబ్దాన్ని బట్టి తెలిసిపోతుంది. మాట అక్కర్లేకుండా ఇంత అర్థం చెప్పగలిగిన సంగీతం మనకు ఉంది.

నాదస్వరానికి ఆ ఊరేగింపులే అసలు వేదిక. మాడవీధి మలుపులో స్వామి ఆగితే ఆలాపన సాగేది. తిరువావడుదురై రాజరత్నం పిళ్లై (1898–1956) తోడి రాగానికి పెట్టింది పేరు. గంటల తరబడి ఒకే రాగాన్ని వాయించడం ఆ పరిస్థితుల్లో సాధ్యమైంది, ఎందుకంటే గడియారం చూసేవాళ్లు ఎవరూ లేరు. పొట్టిగా, హెచ్చు శ్రుతిలో ఉండే తిమిరి నాదస్వరం స్థానంలో పొడవైన బారి నాదస్వరాన్ని ఆయన నిలబెట్టారు. శ్రుతి కిందకు దిగడంతో గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి పలికించే మలుపులకు, లోతు వచ్చింది. వాద్యం నిర్మాణంలో ఇంత పెద్ద మార్పు రావడానికి దాన్ని అంత సేపు వినే జనం ఉండడం ఒక కారణం. వినేవాళ్లు అరగంటకే లేచిపోయే చోట ఎవరూ వాద్యాన్ని మళ్లీ తయారు చేసుకోవాలని అనుకోరు.

అదే నాదస్వరం సభకు వచ్చేసరికి ఇరుకున పడింది. ఆరుబయట మైలు దూరం వినపడేలా పుట్టిన వాద్యాన్ని నాలుగు గోడల మధ్య, పైగా మైకు ముందు కూర్చోబెడితే చెవులు మూసుకునేవాళ్లే ఎక్కువ. దీనికి కులం కోణం కూడా తోడైంది, దాన్ని దాటవేసి మాట్లాడితే విషయం సగమే చెప్పినట్టవుతుంది. గుడి ముందు నిలబడి వాయించేవారికి వేదిక మీద కూర్చునే గౌరవం సులువుగా దొరకలేదు. రాజరత్నం పిళ్లై లాంటివాళ్లు దానికోసం పట్టుబట్టాల్సి వచ్చింది. మన ప్రాంతంలో సన్నాయి, డోలు నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో, కోస్తాలో ముస్లిం కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న విద్య. పెళ్లిలో తాళి కట్టే సమయానికి వాళ్లు లేకపోతే జరగదు. కచేరీ వేదిక మీద మాత్రం వాళ్లకు తొలి అరగంటే.

షేక్ చిన మౌలానా కథ ఈ సందర్భంలో చెప్పుకోవాలి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన ఈయన నాదస్వర కుటుంబానికి చెందినవాడు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిని తన చోటుగా చేసుకుని, అక్కడే నాదస్వర పాఠశాల పెట్టారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ తన అత్యున్నత బిరుదైన సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. తెలుగు నేల మీద పుట్టిన విద్య కావేరి ఒడ్డున ఎందుకు స్థిరపడింది? అక్కడి ఆలయ ఉత్సవాల్లో నాదస్వరానికి ఇంకా గంటలకొద్దీ సమయం ఉంది, తెలిసి వినే జనం ఉన్నారు. 2021లో పద్మశ్రీ అందుకున్న నాదస్వర దంపతులు కాలీషాబీ మహబూబ్, షేక్ మహబూబ్ సుభానీ కూడా ప్రకాశం జిల్లా నుంచి శ్రీరంగం చేరినవాళ్లే. వలస వెళ్లినవాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. ఆలోచించాల్సింది వాళ్లను నిలుపుకోలేకపోయిన ఉత్సవాల గురించి.

నాదస్వరానికి సభ ఇరుకైతే, వీణకు సభ మరీ పెద్దదైంది. వీణ గొంతు చిన్నది. పనస కర్రతో చేసిన కుండ, దండి, మైనంలో అమర్చిన ఇరవై నాలుగు కంచు మెట్లు. గమకం కోసం తీగను మెట్టు మీద పక్కకు లాగినప్పుడు, మీటు అయిపోయాక మిగిలే సన్నని నాదంలోనే అసలు సంగీతం ఉంటుంది. మద్రాసు జార్జిటౌన్‌లో వీణ ధనమ్మాళ్ (1867–1938) శుక్రవారం సాయంత్రాలు తన ఇంట్లో వాయించేవారు. ఆ కొద్దిమంది శ్రోతల్లో పెద్ద పెద్ద విద్వాంసులు ఉండేవారు. ఆ ఇంటి గదే ఆమె వీణకు తగిన కచేరీ హాలు. వెయ్యి మంది పట్టే హాలులో ఆ సంగీతం ఉన్నది ఉన్నట్టు చేరదు. అందుకే వీణకు కాంటాక్ట్ మైకు వచ్చింది. శబ్దం పెరిగింది, దాంతోపాటు మీటు గరుకుదనం, మెట్ల మీద వేలి రాపిడి కూడా పెరిగాయి. చాలా సభల్లో వీణ వినిపించకపోవడానికి వైణికుల కంటే సౌండ్ సిస్టమ్ దగ్గర కూర్చున్నవాళ్లు ఎక్కువ బాధ్యులు. మృదంగం మైకు తగ్గించమని వేదిక మీద నుంచి సైగలు చేస్తూనే కచేరీ ముగిసిపోయిన సందర్భాలు వీణ వినేవాళ్లందరికీ అనుభవమే.

వీణ విషయంలో తెలుగు నేలకు ఉన్న చరిత్ర తక్కువది కాదు. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విన్న రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన్ను శాంతినికేతన్‌కు పిలిపించుకున్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణలు చేస్తారు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూజివీడు వీణకూ మంచి పేరుంది. ఇప్పుడు బొబ్బిలి పేరు చెబితే ముందు గుర్తొచ్చేది సన్మాన సభల్లో బహూకరించే చిన్న వీణ బొమ్మ. వాయించే వీణ కంటే అద్దాల పెట్టెలో పెట్టే వీణకు గిరాకీ ఉండడం కళాకారుల తప్పు కాదు. వీణ వాయించే వేదికలు తగ్గితే వీణ చేసేవాళ్లకు బొమ్మలే దిక్కవుతాయి.

హిందుస్తానీ వైపు దారి వేరుగా పడింది. సితార్, సరోద్ లాంటి వాద్యాల్లో కచేరీ మొదలయ్యేది ఆలాప్‌తో. తాళం ఉండదు, మాట ఉండదు. రాగంలో ఒక్కో స్వరాన్ని విప్పుకుంటూ వెళ్లడానికి అరగంట పట్టినా ఎవరూ తొందరపెట్టరు. తర్వాత జోడ్‌లో లయ మొదలవుతుంది, ఝాలాలో చికారీ తీగల (లయ కోసం మీటే పక్క తీగల) మీద వేగం అందుకుంటుంది. అప్పుడు తబలాతో గత్, ముందు విలంబం, తర్వాత ద్రుతం. గత్ అనేది వాద్యం కోసమే పుట్టిన రచన, దాని వెనక పాట ఉండాల్సిన అవసరం లేదు. విలాయత్ ఖాన్ లాంటివాళ్లు సితార్ మీద గొంతును అనుసరించే గాయకీ అంగాన్ని పెంచారన్నది నిజమే. కానీ అది ఉన్న దారుల్లో ఒకటి, ఏకైక దారి కాదు. అందుకే ఉత్సవంలో సితార్‌కు రాత్రి పదకొండింటి వేళ ఇస్తే అది చివరి స్థానం అనిపించదు. జనం ఎదురుచూసే వేళ అది.

షెహనాయి కూడా మన సన్నాయిలాగే పెళ్లిళ్లలో, కోట గుమ్మాల మీద వాయించిన వాద్యం. దాన్ని కచేరీ వేదిక నడిమధ్యకు తెచ్చింది బిస్మిల్లా ఖాన్. ఆయనకు దేశమంతటా పేరు రావడానికి 1937లో కలకత్తాలో జరిగిన అఖిల భారత సంగీత సమ్మేళనం పెద్ద మలుపు అంటారు. ఒక ఉత్సవం ఒక వాద్యానికి పూర్తి కచేరీ ఇచ్చింది, ఆ వాద్యం జాతకం మారింది.

అయితే ఉత్తరాదిలోనూ సమయం కరిగిపోతోంది. శబ్ద కాలుష్య నియంత్రణకు 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. రాష్ట్ర ప్రభుత్వాలు ఏడాదిలో కొన్ని రోజులకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఒకప్పుడు తెల్లవార్లూ సాగిన పుణె సవాయి గంధర్వ ఉత్సవం దీంతో చాలావరకు సాయంత్రాలకు కుదించుకోవాల్సి వచ్చింది. నిద్రపోయే జనానికి ఇబ్బంది ఉండకూడదన్న నియమాన్ని తప్పు అనలేం. కానీ దాని వల్ల సంగీతంలో జరిగిన నష్టం కూడా చెప్పుకోవాలి. హిందుస్తానీ రాగాలకు వేళలు ఉన్నాయి. నడిరాత్రి తర్వాత వాయించే రాగాలు, తెల్లవారుజామున వాయించే లలిత్, సూర్యోదయ వేళ భైరవ్, వీటికి ఉత్సవాల్లో చోటు తగ్గిపోయింది. కోల్‌కతాలో డోవర్ లేన్ ఉత్సవం హాలు లోపల జరుగుతుంది కాబట్టి రాత్రంతా కచేరీలు పెట్టే పద్ధతిని నిలబెట్టుకుంది. ఆరుబయట చేసేవాళ్లు ఉదయం కచేరీలు విడిగా పెడితే తప్ప ఆ రాగాలు కొత్త తరం చెవిన పడవు.

ఇక మృదంగం సంగతి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లో మొదలైంది. ఒక మృదంగ విద్వాంసుడికి తొలిసారి సంగీత కళానిధి దక్కింది 1966లో, పాలఘాట్ మణి అయ్యర్‌కు. తాళవాద్యాన్ని మన సభలు చూసిన చూపు ఈ ఒక్క విషయంలోనే తెలుస్తుంది. ఇప్పటికీ గాయకుడు ప్రధాన కృతి ముగించి మృదంగం వైపు చెయ్యి చూపగానే వెనక వరసల్లో కుర్చీలు చప్పుడవుతాయి. కాఫీకి అదే సమయం. తని ఆవర్తనం అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, తాళం పట్టి కూర్చుని వినాల్సిన భాగం. మృదంగం ఒక నడకను ఎత్తుకుంటుంది, ఘటం దాన్ని అందుకుని తన గొంతులో తిరిగి చెబుతుంది, కంజీర ఇంకొక మలుపు తిప్పుతుంది. వంతులు రానురాను కురచబడి, చివరికి అందరూ కలిసి మోరా, ముక్తాయింపు అనే ముగింపు అల్లికలతో సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చి పడతారు. ఏ అక్షరం దగ్గర ఎత్తుకున్నారో పట్టుకున్నవాడికి ఆ చివరి క్షణంలో కలిగే ఆనందం చెప్పనలవి కాదు. పట్టుకోనివాడికి అది పది నిమిషాల మోత. రెండో రకం శ్రోతను మొదటి రకంగా మార్చే ప్రయత్నం ఉత్సవాలు చేయవు. తాళం ఏది, ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) ఎక్కడ అన్నది విద్వాంసుడు రెండు మాటల్లో చెప్పి, ముందు ఒక ఆవర్తనం చేత్తో వేసి చూపిస్తే చాలు, సగం హాలు లేవకుండా కూర్చుంటుంది. తబలా సోలోలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. వాయించబోయే బోల్‌ను (తబలా జతులను) ముందు నోటితో చెప్పి తర్వాత వాయిస్తారు, శ్రోతకు దారి తెలుస్తుంది.

వాద్య కచేరీలకు జనం రావడం లేదన్న బెంగతో ఈమధ్య నిర్వాహకులు ఎంచుకుంటున్న ఉపాయం జుగల్‌బందీ, అంటే ఇద్దరు ముగ్గురు విద్వాంసులు సమానంగా కలిసి వాయించడం. ఇది మంచి సంప్రదాయమే. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ కలిసి వాయించినప్పుడు ఒకే గురువు దగ్గర నేర్చుకున్న ఇద్దరి సంభాషణ వినిపించేది. 1966లో లాల్గుడి జయరామన్ వయొలిన్, ఎన్.రమణి వేణువు, ఆర్.వెంకటరామన్ వీణ కలిసి చేసిన కచేరీలు మన వైపు దీనికి గొప్ప నమూనా. ముగ్గురూ కూర్చుని శ్రుతి, గమకాల బరువు కుదుర్చుకున్నారు కాబట్టి అది నిలబడింది. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది అది కాదు. గ్రీన్‌రూమ్‌లో మొదటిసారి కలిసిన ఇద్దరు, ఇద్దరికీ తెలిసిన హంసధ్వనిలోనో చారుకేశిలోనో పది నిమిషాలు ఆలాపన చేసి, మిగతా సమయమంతా ఒకరు వాయించినదానికి ఇంకొకరు బదులు వాయించే సవాల్ జవాబ్‌తో నింపేస్తున్నారు. చప్పట్లు మోగుతాయి, నిజమే. కానీ ఆ చప్పట్లతో ఇంటికెళ్లినవాడు మరుసటి వారం ఒంటరి వీణ కచేరీకి రాడు. వేగం తప్ప ఇంకేదీ వినే అలవాటు అతనికి కాలేదు.

అసలు ఉత్సవం వాద్యానికి ఏం చేయగలదో మన గుడివాడే చూపించింది. పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్‌కు మాండొలిన్ తండ్రి సత్యనారాయణ ఇంట్లో దొరికింది. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. కర్ణాటక సంగీతానికి అప్పటిదాకా సంబంధమే లేని వాద్యం అది. గమకం పలకడం కష్టం, మీటిన వెంటనే నాదం ఆరిపోతుంది. తర్వాత ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు ఐదు తీగలు పెట్టుకుని ఆ లోటును దాటారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల ఆ పిల్లాడిని వేదిక ఎక్కించారు. ‘ఇది మన వాద్యం కాదు’ అని అక్కడెవరైనా అడ్డుపడి ఉంటే కథ వేరుగా ఉండేది. 1983 నాటికి ఆయన బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయిస్తున్నారు. 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయారు.

అంతకు ముందు వయొలిన్ కథా ఇలాంటిదే. బాలుస్వామి దీక్షితులు, తంజావూరు వడివేలు లాంటివాళ్ల చేతుల్లో 19వ శతాబ్దంలో అది కచేరీలోకి వచ్చింది, పక్కవాద్యంగా స్థిరపడింది. దాన్ని సోలోగా నిలబెట్టిన తొలివారిలో ద్వారం వెంకటస్వామి నాయుడు ఒకరు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలైనప్పుడు, చేరడానికి వచ్చిన ఆ యువకుడి చేతిలో పట్టు చూసి ఆదిభట్ల నారాయణదాసు విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగానే తీసుకున్నారు. ఆ తర్వాత విజయవాడలో ఆకాశవాణి వచ్చింది, 1948లో. రేడియోలో వీణకూ వేణువుకూ వయొలిన్‌కూ గాత్రంతో పాటు రోజువారీ వేళలు ఉండేవి. మైకు ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి ఉండేవాడు. అన్నవరపు రామస్వామి లాంటి వయొలిన్ విద్వాంసులకు నెల జీతం ఉండేది. ఒక తరం తెలుగు శ్రోతలు వీణను గుర్తుపట్టింది పొద్దున్నే వచ్చే ఆ కార్యక్రమాల వల్లే. రేడియోలో ఆ వేళలు పలచబడ్డాక వాటి స్థానాన్ని ఉత్సవాలు తీసుకోలేదు.

త్యాగరాజు సమాధి ఉన్న తిరువయ్యారులో ఇప్పటికీ ఒక మంచి పద్ధతి ఉంది. పుష్య బహుళ పంచమి నాడు పొద్దున నాదస్వరం మోగుతుంది. పంచరత్నాలు మొదలయ్యే ముందు వేణువు విద్వాంసులంతా కలిసి భైరవి రాగంలో ‘చేతులార’ కీర్తన వాయిస్తారు. ఆ కాసేపూ వందల గొంతులు మౌనంగా వేణువు వింటాయి. మన ఊళ్లలో ఆరాధనలు చేసేవాళ్లు పంచరత్న గోష్ఠిని తెచ్చుకున్నారు గానీ ఈ వేణువు భాగాన్ని చాలామంది వదిలేశారు. తిరిగి పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు.

తెలుగు రాష్ట్రాల్లో వాద్యాలకే పరిమితమైన ఉత్సవం పెట్టాలనుకునేవాళ్లు ముందు ఆలోచించాల్సింది పేరున్న కళాకారుల జాబితా గురించి కాదు, చోటు గురించి. వీణకు రెండు వందల మంది మించని హాలు, వీలైతే మైకు లేకుండా. సన్నాయికి ఆరుబయట గుడి ముంగిట, తెల్లవారుజామున, గంటన్నర తగ్గకుండా. పొద్దు పొడిచే వేళ భూపాలమో బౌళియో విస్తారంగా వినిపించే అవకాశం అప్పుడే వస్తుంది. మృదంగానికి ఒక పూట విడిగా, తాళం వేసి చూపించే వివరణతో. వయొలిన్‌కు సాయంత్రం ఆరున్నర, రాగం తానం పల్లవికి సరిపడా సమయంతో. బయట ఒక షెడ్డులో గొల్లపల్లి, నూజివీడు కళాకారులు మైనం కరిగించి మెట్లు ఎలా కూర్చుతారో చూపిస్తూ వాయించే వీణలు అమ్ముకోవాలి, బొమ్మ వీణలు కాదు. డబ్బు ఎక్కడిది అని అడిగేవాళ్లకు జవాబు ఉంది. నాలుగు చిన్న హాళ్ల అద్దె, ఒక్క పెద్ద స్టేజీకి పెట్టే ఎల్‌ఈడీ తెరల అద్దె కంటే ఎక్కువేమీ కాదు. సినిమా నేపథ్య గాయకుడిని చివరి రోజు పిలవడానికి పెట్టే మొత్తంతో నలుగురు వైణికులకు గౌరవంగా పారితోషికం ఇవ్వొచ్చు. కాకినాడ సరస్వతీ గానసభ లాంటి వందేళ్లు దాటిన సంస్థలు, విజయనగరం కళాశాల, విజయవాడ, హైదరాబాద్ సంగీత కళాశాలలు ఇందుకు చెయ్యి కలిపితే కొత్తగా సంస్థ పెట్టే పని కూడా లేదు. సప్తక్‌ను మొదలుపెట్టింది కూడా ఒక తబలా మాస్టారు, ఒక సితార్ టీచర్.